సీటు అడిగే ముందు సారును అడగండి

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే గోదావరిఖని, ఎన్‌టీపీసీ, యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ ఇళ్లలో ఒకటే ముచ్చట. ర్యాంకు ఎంత, సీటు ఎక్కడ, ఫీజు ఎంత, హాస్టల్ ఉందా, బస్సు ఉందా. ఈసారి వీటన్నిటికంటే ముందు ఇంకో మాట అడగాలని బొగ్గుబావుల ప్రాంత తల్లిదండ్రులను హెచ్చరిస్తున్నాం. అక్కడ పాఠం చెప్పేది ఎవరు? ఆ సారు పర్మినెంటా, కాంట్రాక్టా, కాగితం మీద మాత్రమే ఉన్నారా? తప్పు జరుగుతుంటే పై అధికారితో ‘కుదరదు’ అనగలిగే స్థితి ఆయనకు ఉందా? ఇవన్నీ అధ్యాపకుల గొడవలని, యూనివర్సిటీ రాజకీయాలని ఇన్నాళ్లూ పక్కన పెట్టాం. ఆ నిర్లక్ష్యం ఇప్పుడు పిల్లల నెత్తికి చుట్టుకుంటోంది.

మన ఊరి సంగతితోనే మొదలుపెడదాం. 2022 నవంబర్ 15న రాష్ట్రంలో ఒకేరోజు 8 ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. రామగుండం అందులో ఒకటి. పక్కనున్న మంచిర్యాల, జగిత్యాల, సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెం కూడా ఆ జాబితాలోవే. రామగుండం కాలేజీకి సింగరేణి 500 కోట్ల రూపాయలు కేటాయించింది. బావిలోకి దిగినవాళ్ల కష్టార్జితం అది. అందుకే తమ పిల్లలకు వాటా కావాలని కార్మికులు అడిగారు. 150 సీట్లలో అఖిల భారత కోటా పోగా మిగిలినవాటిలో 5 శాతం, అంటే 7 సీట్లు, 2023 నుంచి సింగరేణి ఉద్యోగుల పిల్లలకు దక్కుతున్నాయి. న్యాయమైన కోరిక, నెరవేరింది. మరి ఆ సీట్లలో కూర్చున్న పిల్లలకు చెప్పే సార్ల గురించి అంత గట్టిగా ఎవరు అడిగారు?

2025లో జాతీయ వైద్య కమిషన్ తెలంగాణలోని 34 ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 26కు షోకాజ్ నోటీసులు ఇచ్చింది. అందులో ముఖ్యమైన అభ్యంతరం బోధకుల కొరత. రాష్ట్ర ఆరోగ్య శాఖ పెద్దలను జూన్‌లో పిలిపించి సంజాయిషీ అడిగింది. ఆ తర్వాతే ఇక్కడ కదలిక వచ్చింది. పదోన్నతులు ఇచ్చారు, కాలేజీలను చూసుకునేందుకు పర్యవేక్షణ కమిటీలు వేశారు, 607 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఆ ఏడాదికి గండం గడిచింది. అయితే ఢిల్లీ నుంచి నోటీసు వచ్చేదాకా ఆ ఖాళీలు ఎవరి కంటా పడలేదా? పడ్డాయి. రోజూ ఆ క్లాసులో కూర్చున్న విద్యార్థికి అవి మొదటి నెలలోనే తెలిసిపోయి ఉంటాయి. తెలిసిన సంగతి చెప్పుకోవడానికి అతనికి చోటు లేదు, చెబితే వినవలసిన బాధ్యత ఎవరికీ లేదు.

బిల్డింగు రెండు మూడేళ్లలో లేస్తుంది. ప్రొఫెసర్ అలా తయారు కాడు. ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, పీజీకి మూడేళ్లు, సీనియర్ రెసిడెన్సీ ఒక ఏడాది. ఆ తర్వాత అసిస్టెంట్‌గా నాలుగేళ్లు, అసోసియేట్‌గా మూడేళ్లు చేస్తే గాని మామూలు దారిలో ప్రొఫెసర్ కుర్చీ రాదు. అంటే ఇంటర్ పాసైన పిల్లవాడు ప్రొఫెసర్ కావడానికి పదహారేళ్లు దాటుతుంది. ఒకేరోజు 8 కాలేజీలకు రిబ్బన్ కత్తిరించిన రాష్ట్రం ఈ లెక్క ముందే వేసుకోవలసింది. వేసుకోనందువల్ల ఉన్న సార్లనే అటూ ఇటూ సర్దుతున్నారు. ఒక కాలేజీలో గుంత పూడ్చాలంటే ఇంకో కాలేజీలో తవ్వాలి. హైదరాబాద్ వదిలి గోదావరిఖని రమ్మంటే ఎందుకు రావాలో చెప్పే ప్రోత్సాహకం లేకపోతే డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోతారు. రేపు కంపెనీ ఆసుపత్రిలోనో, పెద్దాసుపత్రిలోనో మన గాయాలకు కుట్లు వేసేది, మన ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూసేది ఈ పిల్లలే. వాళ్ల చదువులో పడిన లోటు ఆసుపత్రి మంచం దాకా వస్తుంది.

కొరత ఒక ప్రమాదమైతే, కొరతను కాగితంతో కప్పడం అంతకు మించిన ప్రమాదం. ప్రైవేటు మెడికల్ కాలేజీల తనిఖీల వ్యవహారంలో సీబీఐ 2025 జూన్ చివర కేసు నమోదు చేసింది. తనిఖీల రహస్య సమాచారం లంచాలకు బయటికి పొక్కిందని, లేని అధ్యాపకులను ఉన్నట్టు, లేని రోగులను చేరినట్టు చూపించారని అందులో ఆరోపణలు. తెలుగు రాష్ట్రాల కాలేజీల ప్రస్తావనా ఆ ఎఫ్ఐఆర్‌లో ఉంది. అవి రుజువు కావలసింది కోర్టులోనే. అయినా, మొహం చూపించి హాజరు వేసుకునే పద్ధతిని అధ్యాపకులకు ఆ ఏడాదే తప్పనిసరి చేయవలసి వచ్చిందంటే రోగం ఎంత ముదిరిందో తెలుస్తుంది.

ఇంజనీరింగ్ ఇందుకు భిన్నం కాదు. 2024 జూలైలో తమిళనాడులో అరప్పోర్ ఇయక్కం అనే పౌర సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. అన్నా యూనివర్సిటీ అనుబంధ కాలేజీల్లో 353 మంది అధ్యాపకులు ఒక్కొక్కరు ఒకటికి మించిన కాలేజీల్లో పూర్తికాలం పనిచేస్తున్నట్టు లెక్కల్లో ఉన్నారు. యూనివర్సిటీ సొంతంగా విచారిస్తే సంఖ్య ఇంకా పెరిగింది. అధ్యాపకుల పేర్లు, వివరాలు ఒకచోట పెట్టి పోల్చి చూస్తే బయటపడిన మోసం అది. మనం నేర్చుకోవలసింది అక్కడే ఉంది. జాబితా గోడ మీదికి వస్తే మోసం దాగదు.

ఇక రాష్ట్ర యూనివర్సిటీలు. మంజూరైన బోధన పోస్టులు 2,800 పైచిలుకు ఉంటే, 2025 నాటికి రెండు వేలకు పైగా ఖాళీ. రాష్ట్రం వచ్చాక పెద్దఎత్తున భర్తీ జరగనేలేదు. అన్ని యూనివర్సిటీలకూ ఉమ్మడి నియామక బోర్డు అంటూ 2022లో అసెంబ్లీ బిల్లు ఆమోదించింది, అది రాజ్‌భవన్ దాటి రాష్ట్రపతి దగ్గరికి పోయి ఆగింది. 2025 ఏప్రిల్‌లో నియామకాల మార్గదర్శకాలతో జీవో 21 వచ్చింది, ఏళ్లుగా చెబుతున్న తమ సంగతేమిటని కాంట్రాక్టు అధ్యాపకులు రోడ్డెక్కారు. మన జిల్లా డిగ్రీ కాలేజీలను చూసుకోవలసిన శాతవాహన యూనివర్సిటీ 2008లో పుట్టింది. సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2010లో వచ్చింది. కొత్తగూడెంలో 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన కాలేజీ 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. గేటు మీద బోర్డు మార్చడం ఒక జీవోతో అయిపోతుంది. లోపల డిపార్ట్‌మెంట్లు నిండటానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో చేరిన బ్యాచులు మళ్లీ వెనక్కి వచ్చి చదువుకోలేవు.

ఈ ఖాళీలను జీతాల లెక్కగానో ఉద్యోగాల లెక్కగానో మాత్రమే చూస్తే అసలు ప్రమాదం కనపడదు. ఏటా రెన్యువల్ కోసం ప్రిన్సిపాల్ సంతకం మీద, వీసీ దయ మీద ఆధారపడిన అధ్యాపకుడు మీటింగులో ఏం మాట్లాడగలడు? హాజరు చాలని విద్యార్థిని పరీక్ష రాయనివ్వమని పైనుంచి ఫోన్ వస్తే కాదనగలడా? ఇంటర్నల్ మార్కులు ‘సర్దమంటే’ ఎదురు చెప్పగలడా? ల్యాబులో పరికరం లేకుండా ప్రాక్టికల్ అయిపోయినట్టు రికార్డు రాయమంటే రాయకుండా ఉండగలడా? ఒక పిల్ల వచ్చి ఫలానా వారి మీద ఫిర్యాదు ఉందంటే ఆమె పక్కన నిలబడగలడా? ధైర్యం కొందరికి ఉండవచ్చు. కానీ వ్యవస్థ నడవవలసింది ఒకరిద్దరి ధైర్యం మీద కాదు, అందరికీ ఉన్న భద్రత మీద. అధ్యాపకుడి ఉద్యోగ భద్రత విద్యార్థికి మొదటి రక్షణ కవచం. వేతనాల కోసం సార్లు ధర్నా చేస్తుంటే ‘వాళ్ల గొడవ వాళ్లది’ అనుకునే తల్లిదండ్రులు ఈ ముడిని గుర్తించాలి.

ఆ భద్రత ఉన్నవాళ్లకూ ఒక మాట చెప్పాలి. సిలబస్ మధ్యలో ఉండగా మూల్యాంకనం ఆపడం, ఫలితాలను బేరానికి పెట్టడం హక్కుల పోరాటం అనిపించుకోదు. యాజమాన్యాలదీ అదే దారి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. బకాయిలు నిజం, కోపం న్యాయం. కానీ ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య తగవులో ప్రతిసారీ తాకట్టు పడేది విద్యార్థి. డబ్బు రాలేదని టీసీ ఆపేది అతనికే. ఇక్కడ కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు ఆ పథకం తప్ప గతి లేదు. పట్టణాల్లో ఏటా 2 లక్షల ఆదాయ పరిమితి కారణంగా పర్మినెంట్ కార్మికుడి పిల్లలకు చాలావరకు అది వర్తించదు, వాళ్లు దసరాకు వచ్చే లాభాల వాటా తెచ్చి ఫీజు కడతారు. ఒకే బావిలో పనిచేసే ఇద్దరి పిల్లలూ రెండు దారుల్లో వచ్చి ఒకే చోట నష్టపోతున్నారు.

పాలకమండళ్ల సంగతి చూడండి. మన యూనివర్సిటీలు 1991 చట్టం కింద నడుస్తాయి. పైన కులపతి, నడిపించేది వీసీ, నిర్ణయాలకు పాలకమండలి. అందులో శాఖల కార్యదర్శులు, ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్లు కూర్చుంటారు. విద్యార్థికి కుర్చీ లేదు. అధ్యాపకులు ఉన్నా తోటివాళ్లు ఎన్నుకొని పంపినవాళ్లు కారు. సరే, ఆ ఏర్పాటైనా సక్రమంగా నడిచిందా? 2019 జూలైలో వీసీల పదవీకాలం ముగిస్తే 2021 మే దాకా చాలా యూనివర్సిటీలకు కొత్తవాళ్లను వేయలేదు. ఆ వేసినవాళ్ల గడువు 2024 మేలో ముగిస్తే మళ్లీ అక్టోబర్ దాకా ఐఏఎస్ అధికారుల ఇన్‌ఛార్జి పాలన. సచివాలయంలో రెండు శాఖలు చూసుకునే అధికారి యూనివర్సిటీ ఫైళ్లు చూసేది ఎప్పుడు?

పూర్తికాలం వీసీ ఉంటే చాలా అంటే, అదీ చాలదని నిజామాబాద్ చెప్పింది. తెలంగాణ యూనివర్సిటీలో 2023లో రిజిస్ట్రార్ ఎవరన్న దాని మీద వీసీకి, పాలకమండలికి మధ్య నెలల తరబడి తగవు నడిచింది. ఒకరు నియమించినవారిని మరొకరు గుర్తించలేదు. అదే జూన్‌లో, పరీక్షా కేంద్రం అనుమతికి 50 వేల రూపాయల లంచం తీసుకున్నారన్న ఆరోపణ మీద అప్పటి వీసీని ఏసీబీ అరెస్టు చేసింది. పరీక్షా కేంద్రం అంటే విద్యార్థి భవిష్యత్తు తేలే చోటు. ఆ మొత్తం రభసలో విద్యార్థి ఎక్కడున్నాడు? గేటు బయట నినాదాలిస్తూ ఉన్నాడు.

బాసర ఇంకో పాఠం. 2022 జూన్‌లో ట్రిపుల్ ఐటీ విద్యార్థులు వారం రోజులు ఎండకూ వానకూ కూర్చొని 12 డిమాండ్లు పెట్టారు. అన్నం, నీళ్లు, వసతులతో పాటు అందులో ముఖ్యమైనది పూర్తికాలం వీసీ కావాలన్నది. పదిహేను పదహారేళ్లకు పల్లె నుంచి వచ్చి చేరిన పిల్లలకు అర్థమైన విషయం అది. మెస్సులో పురుగుకూ, వీసీ కుర్చీ ఖాళీకీ సంబంధం ఉంది. చివరికి విద్యాశాఖ మంత్రి అర్ధరాత్రి వచ్చి మాట్లాడితే గాని వాళ్లు లేవలేదు. మాట్లాడుకోవడానికి ఒక బల్ల ముందే వేసి ఉంటే వారం రోజులు నేల మీద కూర్చోవలసిన అవసరం ఉండేదా?

ఆ బల్ల ఎలా ఉండాలో బొగ్గుబావుల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గనుల నిబంధనలు దశాబ్దాల క్రితమే ఒక సూత్రాన్ని ఒప్పుకున్నాయి: ప్రమాదం ఎవరి మీద పడుతుందో వాళ్లు తనిఖీలో ఉండాలి. వంద మందికి మించి పనిచేసే ప్రతి బావిలో సేఫ్టీ కమిటీ ఉండాలి, అందులో అధికారులతో సమానంగా కార్మికుల ప్రతినిధులు కూర్చోవాలి, నెలకోసారి కలవాలి. పెద్ద బావుల్లో వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. వాళ్లూ కార్మికులే, లోపల తిరిగి చూసి లోపాన్ని రిజిస్టర్‌లో రాస్తారు, దానికి మేనేజర్ జవాబు చెప్పాలి. ఇన్ని ఉన్నా 2003లో మన గోదావరిఖనిలోనే 7 ఎల్ఈపీ బావిలో జూన్ 16న నీళ్లు ముంచెత్తి 17 మంది, అక్టోబర్‌లో 8ఏ బావిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. కమిటీ ఉన్నంత మాత్రాన ప్రమాదం ఆగిపోదు, పేరుకు ఉంటే లేనట్టే. కానీ కమిటీయే వద్దని ఆ రోజు కూడా ఎవరూ అనలేదు. బావిలో తండ్రికి ఉన్న ఈ హక్కు, కాలేజీలో కొడుక్కి, కూతురికి ఎందుకు లేదు?

రాజకీయాలు వస్తాయి, కొట్లాటలు వస్తాయి అంటారు. క్యాంపస్‌లలో హింస జరిగిన మాట వాస్తవమే, అది చూపించే 1988లో ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు. 2006లో ఆ ఎన్నికలపై లింగ్డో కమిటీ సిఫార్సులను సుప్రీంకోర్టు ఆమోదించినా మన రాష్ట్ర యూనివర్సిటీల తలుపులు తెరుచుకోలేదు. దీనికి సింగరేణి చరిత్రే జవాబు. 1990ల మొదట్లో ఇక్కడ లెక్కలేనన్ని సంఘాలు, ఏటా వందల కొద్దీ సమ్మెలు. చిన్న మాటకు బావి బందయ్యేది. 1998లో రహస్య ఓటింగుతో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టారు. ఎవరితో మాట్లాడాలో యాజమాన్యానికి తేలింది, ఎవరిని నిలదీయాలో కార్మికుడికి తేలింది, సమ్మెలు తగ్గాయి. ఆ ఎన్నికలు చివరిసారి 2023 డిసెంబర్ 27న జరిగాయి. ఎన్నికలు గొడవలు తేలేదు, గొడవలకు ఒక పద్ధతి తెచ్చాయి. దాదాపు నలభై వేల మంది కార్మికులు ఓటు హక్కుతో తమ ప్రతినిధిని ఎన్నుకోగలిగిన ప్రాంతంలో, ఎమ్మెల్యేకు ఓటు వేసే వయసున్న విద్యార్థి తన క్లాసు సంగతి చెప్పే ప్రతినిధిని ఎన్నుకుంటే కొంప మునుగుతుందా?

ఎన్నికలు వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కర లేదు. చేతిలో ఉన్న హక్కులు వాడుకోవాలి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో ఒక విద్యార్థిని ప్రత్యేక ఆహ్వానితుడిగా కూర్చోబెట్టాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో తేల్చాలి. తేల్చకపోతే, తేల్చింది నచ్చకపోతే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి పోవచ్చు. 2024 జూన్‌లో అంబుడ్స్‌పర్సన్‌ను నియమించని 157 యూనివర్సిటీల పేర్లను యూజీసీయే బయటపెట్టింది. కాబట్టి కమిటీ ఉందని చెబితే నమ్మకండి, సభ్యుల పేర్లు, గత ఏడాది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి అడగండి. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీలో, విషయం విద్యార్థులకు సంబంధించినదైతే, ఎన్నుకున్న విద్యార్థి ప్రతినిధులు ఉండాలని 2015 నిబంధనలే చెబుతున్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇవ్వాలే గాని కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పింది. ‘ఫీజు కట్టేదాకా మా దగ్గరే ఉంటాయి’ అన్న కాలేజీలో చేరేముందు పదిసార్లు ఆలోచించండి.

చేరబోయేవాళ్లు మూడు కాగితాలు అడగాలి. ఒకటి, బ్రాంచి వారీగా అధ్యాపకుల పేర్లు, అర్హతలు, చేరిన తేదీలు. ఏఐసీటీఈ కాలేజీలు ఈ వివరాలను వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. రెండు, వాళ్లలో యూనివర్సిటీ ఆమోదం పొందినవాళ్ల జాబితా. మూడు, ఇప్పుడు నడుస్తున్న టైంటేబుల్. మూడూ పక్కపక్కన పెట్టండి. జాబితాలో ఉన్న పేరు టైంటేబుల్‌లో లేకపోతే, ఒకే పేరు రెండు కాలేజీల్లో కనపడితే, కారణం రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే చదువుతున్నవాళ్లు ఏ క్లాసు జరిగింది, ఏది జరగలేదు అన్నది తేదీలతో రాసి పెట్టుకోండి. బావిలో మస్టర్ ఎంత ముఖ్యమో ఇది అంత ముఖ్యం. ఆధారం లేని ఆవేశం ధర్నాతో అయిపోతుంది, తేదీలున్న కాగితం కమిటీ ముందు నిలుస్తుంది.

ప్రభుత్వం చేయవలసినవి వాయిదా వేయడానికి వీల్లేనివి. మెడికల్ కాలేజీల్లో విభాగాల వారీ ఖాళీలను ప్రతి నెలా కాలేజీ గేటు దగ్గర, వెబ్‌సైట్‌లో పెట్టాలి. మారుమూల కాలేజీలకు వచ్చే బోధకులకు అదనపు భత్యం, క్వార్టరు, పిల్లల చదువు చూసుకోవాలి. క్వార్టర్లకు కొదవ లేని ఊరు ఇది. వీసీ గడువు ముగియడానికి ఆరు నెలల ముందే అన్వేషణ కమిటీ వేయాలి. 1991 చట్టాన్ని సవరించి పాలకమండలిలో ఎన్నికైన అధ్యాపక ప్రతినిధులకు, విద్యార్థి ప్రతినిధులకు చోటివ్వాలి. కొత్తగా మొదలైన ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అందుకు మంచి అవకాశం, అలవాట్లు ముదరకముందే ఆ పద్ధతి అక్కడ పెట్టవచ్చు. కాంట్రాక్టు అధ్యాపకుల విషయం ఏదో ఒకటి తేల్చి భర్తీ మొదలుపెట్టాలి. నానబెట్టిన ప్రతి సెమిస్టర్ ఒక బ్యాచు చదువును మింగుతోంది.

సింగరేణి యాజమాన్యానికీ బాధ్యత ఉంది. 500 కోట్లు ఇచ్చి శిలాఫలకం మీద పేరుతో తృప్తిపడటం యజమాని లక్షణం కాదు. ఇచ్చిన డబ్బుతో నడిచే కాలేజీలో ఎంతమంది బోధకులున్నారు, ఆసుపత్రిలో ఏ విభాగం నడుస్తోంది, ఏది మూతపడింది అన్నది ఏటా అడిగి కార్మికుల ముందు పెట్టాలి. గుర్తింపు సంఘం దీన్ని యాజమాన్యంతో జరిగే స్ట్రక్చర్డ్ సమావేశం ఎజెండాలోకి తేవాలి. క్వార్టర్లు, బదిలీలు, అలవెన్సుల పక్కన కాలేజీ ఖాళీలు కూడా ఒక అంశం కావాలి. ఓటు అడగడానికి గేటు మీటింగుకు వచ్చిన ఏ సంఘమైనా దీనికి సమాధానం చెప్పాల్సిందే. వచ్చే సమావేశం ఎజెండాలో ఈ అంశం ఉందా లేదా అన్నది కార్మికులు తమ బావి పిట్ కార్యదర్శిని ఈ వారమే అడగాలి. లేదంటే, కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు చేర్పించే పూచీ ఆయన మీదే పెట్టాలి.